డెబ్బై ఖానాల బ్యారేజీ: ఒకటి, రెండు తరగతుల బొమ్మల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

చోటు విజయవాడ వన్‌టౌన్‌లో కొండవాలున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు కలిపి 35 మంది పిల్లలు, ఆరు నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు. నేర్పేవాళ్ళం ముగ్గురం, తోడు తరగతి టీచరు. శనివారం శనివారం గంటసేపు. జూలైలో మొదలుపెట్టి తొమ్మిది తరగతులు.

తొమ్మిది గంటల్లో బొమ్మలు వేయడం రాదు. చేతికి అయిదు పనులు పట్టుబడతాయి: గీతను కావలసిన చోటికి నడపడం, ఒత్తిడి పెంచి తగ్గించడం, రంగు కలపడం, కత్తిరించి అంటించడం, మట్టిని అతకడం. కంటికి ఒక పని అలవాటవుతుంది, ఎదురుగా ఉన్నదాన్ని నిదానంగా చూడటం. బోర్డు మీద టీచరు వేసిన బొమ్మను చూసి దించడం ఈ ఆరింటిలో లేదు. కావాలనే పెట్టలేదు. ఎందుకో ముందుగా వేయించిన కాగితాల్లోనే కనబడింది.

"మీ ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్నవి వేయండి" అని ఖాళీ కాగితం, పెన్సిలు ఇచ్చాం. ఎక్కువ కాగితాల మీద ఒకే బొమ్మ వచ్చింది. రెండు కోణాల కొండలు, నడుమ సగం సూర్యుడు, కిందికి వంకర్లు తిరిగే నది, పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. ఈ పిల్లల్లో పెంకుటింట్లో ఉండేవాళ్ళు లేరు. చిట్టినగర్, విద్యాధరపురం కొండల మీద మెట్లెక్కి వెళ్ళే డాబాలు వీళ్ళవి. ఒకరి మేడ ఎత్తున ఇంకొకరి వాకిలి ఉంటుంది. గులాబీ, ఆకుపచ్చ, ఊదా గోడలు, మెట్ల పక్కన నీలం నీళ్ళ డ్రమ్ములు. అంత కొండ కళ్ళెదుట ఉండగా కాగితం మీదికి ఎవరో వేసి ఇచ్చిన కొండ వచ్చింది. ఆ కాగితాలకు తేదీ వేసి దాచాం. తప్పని ఎవరికీ చెప్పలేదు.

దిద్దకూడనివి కొన్ని ముందే అనుకున్నాం. ఆకాశం కాగితం పైఅంచున నీలం పట్టీలా రావడం, గోడలోంచి ఇంట్లో మనుషులు కనబడటం, అమ్మ ఇంటికన్నా ఎత్తు ఉండటం, ఇవన్నీ ఈ వయసు పిల్లల లెక్క ప్రకారం సరైనవే. కాలం గడిస్తే వాటంతటవే మారతాయి. ఇంకో కట్టుబాటు: పిల్లల కాగితం మీద పెద్దవాళ్ళ గీత ఒక్కటి కూడా పడకూడదు. చూపించాల్సి వస్తే విడి చీటీ మీద గీసి చూపించి, ఆ చీటీ చించేయాలి. ఉంచితే దాన్నే దించుతారు.

సామాను

గీతలకు మామూలు జిరాక్సు కాగితం, ఏ4, 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంకె పెరిగితే కాగితం మందం), ఒక రీము. తడి రంగుకు అది పనికిరాదు. రెండు సార్లు బ్రష్ తగిలితే ముద్దయిపోతుంది. తడి పనికి 140 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ షీట్లు 30 తెచ్చాం. ఫుల్ షీటు 22×28 అంగుళాలు. నాలుగు ముక్కలు చేస్తే పిల్లవాడి ఒడిలో పట్టే సైజు వస్తుంది. 35 మందికి ఒక తరగతికి 9 షీట్లు.

పెన్సిళ్ళు 2బి. హెచ్‌బి గట్టిగా ఉండి లేత చేతికి గీత పలచగా పడుతుంది, పిల్లలు ఇంకా గట్టిగా నొక్కుతారు, వేళ్ళు నొప్పి పుడతాయి. రబ్బర్లు నాలుగో వారం దాకా ఇవ్వలేదు. రబ్బరు ఉంటే మొదటి గీత దగ్గరే ఆగిపోతారు, చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పెడతారు.

బ్రష్‌లు 8వ నంబరు ఫ్లాట్, గట్టి వెంట్రుకలవి, 40. రంగుల పెట్టెలతో వచ్చే సన్నని బ్రష్‌లు పక్కన పెట్టాం. వాటితో ఈ పిల్లలు రంగు పూయరు, పెన్సిల్లా గీకుతారు. పోస్టర్ కలర్స్ పెద్ద సీసాలు నాలుగే రంగులు: లెమన్ ఎల్లో, క్రిమ్సన్ ఎరుపు, నీలం, తెలుపు. నలుపు తేలేదు. నలుపు సీసా ఉంటే పది నిమిషాల్లో అన్ని పళ్ళాలూ బూడిద రంగుకు తిరుగుతాయి.

మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు 18, ఎడమచేతి కత్తెరలు 4. నీళ్ళకు అరకిలో పెరుగు డబ్బాలు. అడుగున గుప్పెడు ఇసుక పోసిన గిన్నెలో డబ్బాను కూర్చోబెడితే పడదు. పాత దినపత్రికలు ఒక కట్ట. ఎడమచేతి పిల్లలు నలుగురు. వాళ్ళను ప్రతిసారీ చాపకు ఎడమ చివర కూర్చోబెట్టాం. లేదంటే పక్కవాడి మోచేతితో గంటసేపూ తగువే.

1వ వారం: గీత

కాగితం ఇవ్వలేదు. వరండా నేల మీద తడి స్పాంజి ముక్కతో గీతలు. నిలబడి, వంగి, భుజం నుంచి చెయ్యి కదిలేలా. అడ్డం, నిలువు, ఏటవాలు, అల, రంపం పళ్ళు, సుడి. నేల ఆరేలోపు గీత మాయమవుతుంది కాబట్టి పాడైపోతుందన్న భయం ఉండదు. జంకే పిల్లలు ముందు ఇక్కడే తెరుచుకున్నారు. ఇరవై నిమిషాల తరువాత అవే గీతలు సుద్దముక్కతో, ఆపైన పలక మీద బలపంతో. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు. ఆ వరసలోనే దిగాలి. నేరుగా వేళ్ళతో మొదలుపెడితే గీత వణుకుతుంది.

తేడా కొట్టింది ఒక్కటే. సుడి గీయమంటే ఎక్కువమంది ఒకదానిలో ఒకటి గుండ్రాలు గీశారు. "నత్త గుల్ల మీద చీమ నడుస్తోంది, చీమను ఎత్తకూడదు" అన్నాక చెయ్యి ఎత్తడం మానేశారు.

2వ వారం: చుక్కల ముగ్గు

చాలా డ్రాయింగ్ పుస్తకాలు గళ్ళ కాగితంతో చెప్పే పాఠాన్ని మన వాకిళ్ళు ఎప్పటినుంచో చుక్కలతో చెబుతున్నాయి. సమాన దూరం, రెండు వైపులా ఒకేలా ఉండటం, గీతను ఆపకుండా తిప్పడం, అన్నీ ముగ్గులోనే ఉన్నాయి. అబ్బాయిలకూ పెట్టాం. మొదటి అయిదు నిమిషాలు కొంచెం ముసిముసి నవ్వులు, తరువాత ఏమీ లేదు.

పెట్టింది 5 చుక్కలు, 3 వరకు సందు చుక్క. నడుమ వరస 5, పైనా కిందా 4, ఆ పైనా కిందా 3, మొత్తం 19. నడుమ వరస ముందు పెట్టించాలి. చుక్కకూ చుక్కకూ దూరం పిల్లవాడి సొంత బెత్తెడు. స్కేలు ఇస్తే స్కేలుతోనే సమయం అయిపోతుంది.

సందు చుక్క అంటే రెండు చుక్కల నడిమికి రావాలి. సగం మంది నేరుగా పై చుక్క కిందే పెట్టారు. మాటలతో చెబితే అర్థం కాలేదు. సుద్దముక్కలు వెనక్కి తీసుకుని ఒక్కొక్కరికి 19 చింతగింజలు ఇచ్చాం. గింజ తప్పుగా ఉంటే జరుపుకోవచ్చు. నడుమ వరసలో రెండు గింజల మీద రెండు వేళ్ళు పెట్టి, ఆ వేళ్ళ నడుమ సందులో మూడో గింజ. ఇలా ఒకటి కుదిరాక తక్కినవి చకచకా వచ్చేశాయి. గింజలన్నీ కుదిరాకే చుట్టూ సుద్దతో చుక్క.

మెలిక తిప్పడం రెండో తరగతి వాళ్ళకే పెట్టాం. గీత చుక్కను తాకకుండా చుట్టుకు రావాలి. మొదటి తరగతి వాళ్ళు చుక్కలు కలిపి నక్షత్రం చేస్తే చాలు. వచ్చేసారికి మార్చుకోవలసింది: ఇద్దరికి ఒక ముగ్గు ఇవ్వకూడదు. మొదటి చుక్క నుంచీ ఒకరే పెడతారు, రెండోవారు చూస్తూ కూర్చుంటారు.

3వ వారం: ఒత్తిడి, వాన బొమ్మ

క్రేయాన్ల కాగితం ఒలిచి, 3 సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇచ్చాం. పొడుగు క్రేయాన్‌ను పిడికిలితో పట్టే పిల్లలు కూడా పొట్టి ముక్కను వేళ్ళతోనే పట్టాలి, వేరే దారి లేదు. కాగితం ఒలిచేస్తే పక్కకు పడుకోబెట్టి వెడల్పుగా కూడా రుద్దొచ్చు. అయిదు గళ్ళు గీసుకుని ఒకే రంగుతో లేత నుంచి ముదురుకు. మొదటి గడి "పిల్లి నడిచినట్టు", అయిదోది "రోడ్డు రోలరు వెళ్ళినట్టు". మూడో గడి, నాలుగో గడి ఒకేలా వస్తే ఫరవాలేదు.

తరువాత తెల్ల క్రేయాన్‌తో గట్టిగా నొక్కి వాన గీతలు, పైన పలచటి నీలం పూత. మైనం ఉన్నచోట నీళ్ళ రంగు నిలవదు, వాన తెల్లగా తేలుతుంది. పూతకు ఒక చెంచా రంగుకు అయిదు చెంచాల నీళ్ళు, మజ్జిగ కన్నా పలచగా. ఒక జట్టు డబ్బాలో రంగు చిక్కగా కలిసింది, మైనం మీద కూడా పట్టేసి వాన కనబడకుండా పోయింది. ఇంకో ఇబ్బంది, ఒకేచోట బ్రష్‌తో మళ్ళీమళ్ళీ రుద్దడం. కాగితం నూలు లేస్తుంది. ఎడమ నుంచి కుడికి ఒక్క గీత, దాని కింద ఇంకో గీత, అంతే.

క్రేయాన్లు కొనేముందు పరీక్ష: కాగితం మీద గట్టిగా రుద్ది పైన ఒక నీటి బొట్టు వేయాలి. చేమాకు మీద బొట్టులా నిలబడితే మంచివి. పాకి కాగితంలోకి దిగిపోతే మైనం తక్కువ. మొదట తెచ్చిన పెట్టెల్లో రెండు ఇలా తేలిపోయాయి.

4వ వారం: వంకాయ

కాళేశ్వరరావు మార్కెట్ నుంచి వంకాయలు 40. ఏరేటప్పుడు కూరకు వెతికేవి వదిలేసి వంకరవి, నడుం పడినవి, తొడిమ చిరిగినవి తీసుకున్నాం. ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. పచ్చిమిరపకాయలు కూడా బొమ్మకు బాగుంటాయి కానీ ఈ వయసు పిల్లల చెయ్యి నేరుగా కంటికే వెళుతుంది, అందుకని మానేశాం.

ముందు మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని తడమడం. ముల్లు ఎక్కడుంది? ఎక్కడ లావు? ఎక్కడ నొక్కు పడింది? తరువాత కాగితం. ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది: చేతిలో వంకర కాయ ఉండగా కాగితం మీద వర్ణమాల చార్టులోని "వ - వంకాయ" దిగింది. గుడ్డు లాంటి ఆకారం, పైన చిన్న టోపీ. ఎదుట ఉన్నది చూడాల్సిన అవసరం పిల్లవాడికి ఇంకా కలగలేదన్నమాట.

దాంతో పద్ధతి మార్చాం. ఇప్పుడు గీసే బొమ్మలన్నీ ఒక వరసలో, కాయలన్నీ ఒక బుట్టలో పెడతామని, బొమ్మను చూసి ఏ కాయో వేరే జట్టు కనిపెట్టాలని చెప్పాం. రెండో కాగితం ఇచ్చాం. ఈసారి పెన్సిలు కాగితం మీద పెట్టేముందు కాయను తిప్పి తిప్పి చూశారు. తొడిమకు ఎన్ని కొసలున్నాయో వేలితో లెక్కపెట్టుకున్నారు. ఒక పాప కాయ మీద పురుగు తొలిచిన చిల్లును గీసి, దాని చుట్టూ ఎండిన గోధుమరంగు అంచును కూడా విడిగా గీసింది. కనిపెట్టేవాళ్ళకు ఆ చిల్లే గుర్తు.

గీయడం తొడిమ దగ్గర మొదలుపెట్టించాలి. చుట్టూ గీత ముందు గీస్తే మళ్ళీ గుడ్డే వస్తుంది. తొడిమ నుంచి కిందికి దిగుతూ ఒక పక్క, మళ్ళీ తొడిమ నుంచి రెండో పక్క. ముడుచుకుపోయే చేతికి వంకాయ బొటనవేలంత పడుతుంది. అలాంటివాళ్ళకు కాగితం పై అంచు నుంచి రెండు వేళ్ళు, కింది అంచు నుంచి రెండు వేళ్ళు వదిలి తక్కినదంతా కాయే అని చెప్పాం.

ఈ తరగతికి గంట చాలలేదు. 75 నిమిషాలు పట్టింది.

5వ వారం: రంగు కలపడం

తొమ్మిదింటిలో పిల్లలు ఎక్కువ ఎదురుచూసినది, ముందు సిద్ధం చేయకపోతే ఎక్కువ రసాభాస అయ్యేది కూడా ఇదే. అయిదుగురికి ఒక జట్టు, ఏడు జట్లు. జట్టుకు ఒక స్టీలు పళ్ళెం, రెండు నీళ్ళ డబ్బాలు, ఒక పాత బనియన్ గుడ్డ. రంగు పెద్దవాళ్ళే చెంచాతో వడ్డించాలి: పసుపు రెండు చెంచాలు, ఎరుపు ఒకటి, నీలం అర చెంచా. చిక్కదనం దోసెల పిండి లాగా ఉండాలి. పళ్ళెంలో ఒక్కో రంగు ఒక్కో అంచున, నడుమ ఖాళీ.

బ్రష్ నడక ముందు రంగు లేకుండా అయిదు సార్లు చేయించాం: నీళ్ళు, గుడ్డ, రంగు, కాగితం. మళ్ళీ నీళ్ళు, గుడ్డ, రంగు, కాగితం. పిల్లలు దాన్ని పాటలా అందుకున్నారు. మరిచిపోయేది గుడ్డ. తుడవని బ్రష్‌లోంచి నీళ్ళు పళ్ళెంలోకి కారి దోసెల పిండి చారు అవుతుంది. అరగంటకు నీళ్ళు మార్చకపోతే అన్ని రంగులూ మురికి పడతాయి; రెండు డబ్బాలు ఎందుకంటే ఒకటి తొలి కడుగుకు, ఒకటి మలి కడుగుకు.

మొదటి పని పసుపు నుంచి ఆకుపచ్చకు ఆరు గళ్ళ పట్టీ. పసుపులోకి నీలం వేయాలి, నీలంలోకి పసుపు వేయకూడదు. నీలానికి బలం ఎక్కువ. చెంచాడు నీలాన్ని ఆకుపచ్చ చేయాలంటే సీసాడు పసుపు పోయాలి. అగ్గిపుల్ల తలంత నీలం వేసి కలిపి మొదటి గడి. ఇంకో తలంత, రెండో గడి. తెలుపు విషయమూ ఇంతే. లేత రంగు కావాలంటే తెలుపు ముందు తీసుకుని దానిలోకి రంగు చుక్క వేయాలి.

ఎరుపు, నీలం కలిపితే ఊదా రావాలి. మా దగ్గర క్రిమ్సన్ ఉంది కాబట్టి వచ్చింది. ఒక జట్టు పళ్ళెంలో మాత్రం బడిలో అంతకుముందే ఉన్న స్కార్లెట్ సీసా పోసేశాం, వక్కపొడి రంగు వచ్చింది. స్కార్లెట్ నారింజ వైపు మొగ్గే ఎరుపు, అంటే దానిలో పసుపు గుణం ముందే ఉంది. మూడు మూల రంగులూ కలిస్తే వచ్చేది మట్టి రంగే. ఆ మట్టి రంగును పారబోయకుండా ఒక డబ్బాలో ఎత్తి మూత పెట్టాం.

రెండో పని ఆకులు. అరటాకు ముక్క, వేపాకు, కానుగాకు, ముదురు మామిడాకు. ఒక్కొక్కరికి ఒక ఆకు, దాన్ని కాగితానికి ఒక చివర దారంతో కట్టి, పక్కనే ఆ ఆకుపచ్చను కలపాలి. "ఆకుపచ్చ" అన్న ఒక్క మాట కింద ఇన్ని రంగులున్నాయని ఇంకెలా చెప్పినా ఎక్కదు. అరటాకుకు పసుపు ఎక్కువ పడుతుంది. ముదురు మామిడాకుకు నీలం ఎంత పెంచినా కుదరదు, రంగు మెరుస్తూనే ఉంటుంది. దానిలో ఎరుపు ఒక్క చుక్క పడాలి. ఎరుపు ఆకుపచ్చను అణుస్తుంది. ఈ కిటుకు చెప్పలేదు, "ఏదో ఒక రంగు ఒక్క చుక్క, ఏదో మీరే చూడండి" అన్నాం. మూడు జట్లకు దొరికింది.

కుదిరిందో లేదో తేల్చుకునే పద్ధతి: కలిపిన రంగును ఆకు మీదే ఒక చుక్క పెట్టడం. కానుగాకు తీసుకున్న ఒక పిల్లవాడు నాలుగు చుక్కలు పెట్టాడు. మొదటిది తెల్లబోయి కనబడింది, రెండోది నీలంగా, మూడోది దగ్గరగా. నాలుగోది పెట్టి ఆకును కంటికి ఆనించుకున్నంత దగ్గర తెచ్చుకుని, "టీచర్, చుక్క కనపడట్లేదు!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తమ ఆకులు పట్టుకుని వచ్చి అదే పని మొదలుపెట్టారు.

వానాకాలం గాలిలో తడి వల్ల కాగితాలు ఆరడానికి రెండు గంటలు పట్టింది. ఫ్యాన్ కింద పెడితే తడి కాగితాలు ఎగిరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వరండా మీద తాడు కట్టి బట్టల క్లిప్పులకు వేలాడదీస్తే రంగు కిందికి జారింది. నేల మీద పత్రికలు పరిచి, మూలల్లో గులకరాళ్ళు పెట్టి ఆరేయడమే మేలు.

6వ వారం: కత్తెర, జిగురు, కొండ

కత్తెర పట్టులో బొటనవేలు పైన ఉండాలి. పట్టు తిరగబడితే మోచెయ్యి రెక్కలా పైకి లేస్తుంది, అదే గుర్తు. మొదటి అరగంట 2 సెంటీమీటర్ల వెడల్పు చార్టు పట్టీలను ఒక్కో కోతతో ముక్కలు చేయడమే. పలచటి కాగితం మెత్తగా వంగి కత్తెర నడుమ ఇరుక్కుంటుంది. కొత్త చేతికి చార్టు మందమే సుఖం. వంపు కత్తిరించేటప్పుడు కత్తెర ఉన్నచోటే ఉండాలి, రెండో చేతిలోని కాగితం తిరగాలి.

మైదా జిగురు 35 మందికి సరిపడా: గ్లాసు మైదాను గ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మూడు గ్లాసుల మరిగే నీళ్ళు పోస్తూ తిప్పి, సన్న మంట మీద అయిదు నిమిషాలు. తెల్లదనం పోయి గంజిలా నిగనిగలాడాలి. అప్పటికప్పుడు చేసుకున్నది మర్నాటికి పులుస్తుంది. గోడపత్రికలు అంటించేవాళ్ళు నిలవకు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో అసలు వద్దు. ముక్క వెనకంతా పూస్తే ముడతలు పడుతుంది. నాలుగు మూలలా, నడుమ ఒకటి, అయిదు చుక్కలు చాలు.

పని: బడి వరండాలోంచి కనబడే కొండ ఇళ్ళు. కత్తిరించిన నలుచదరాలే ఇళ్ళు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, సరిగా తెగని వంకర గోడలు కూడా పనికొచ్చాయి, కొండ మీద గోడలు అలాగే ఉంటాయి. అంటించే వరసే అసలు పాఠం. పైనున్న ఇల్లు ముందు, కిందున్న ఇల్లు దాని అంచును కప్పుతూ తరువాత. కింది నుంచి మొదలుపెట్టినవాళ్ళకు పై ఇళ్ళు ముందుకొచ్చి పడ్డాయి. ఊడదీసి మళ్ళీ అంటించనిచ్చాం, మైదా జిగురు పది నిమిషాలదాకా ఊడుతుంది. మెట్లకు పట్టీని మడతలు పెట్టారు. డ్రమ్ములు ఎవరూ చెప్పకుండానే వచ్చాయి.

తరువాతి శనివారం వాన వల్ల తరగతి లేదు.

7వ వారం: మట్టి

చవితికి ముందు వారం కాబట్టి బంకమట్టి సులువుగా దొరికింది. తలకు పావుకిలో, మొత్తం 10 కిలోలు. మట్టి పరీక్ష: వేలంత లావు తాడు చేసి వేలి చుట్టూ తిప్పాలి. పగుళ్ళు లేకపోతే సరి. పగిలితే పొడిబారినట్టు, లేదా ఇసుక ఎక్కువైనట్టు. ముందురోజు రాళ్ళు ఏరి, తడిపి, చపాతీ పిండిలా పిసికి తడిగుడ్డ కప్పి ఉంచాం.

చూపించడానికి కొండపల్లి బొమ్మ, ఏనుగు అంబారీ ఒకటి తెచ్చాం. కొండపల్లి ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. తెల్లపొణికి చెక్కతో కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. బొమ్మను చేత్తో తిప్పి చూస్తూ "ఇది ఎన్ని ముక్కలు?" అని లెక్కపెట్టించాం. ఉండ, గొట్టం, పలక. ఈ మూడు ఆకారాలతో ఏ జంతువైనా కట్టొచ్చు.

ఎండాక కాళ్ళు ఊడటం పిల్లల మట్టి బొమ్మలన్నిటికీ ఉన్న జబ్బు. ఆనించి నొక్కితే అతికినట్టే కనబడుతుంది, ఆరాక రాలిపోతుంది. మందు ఇది: అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీయాలి, మట్టి రొంపి రాయాలి, నొక్కి అటూ ఇటూ కొంచెం కదపాలి, కీలు చుట్టూ సన్నటి మట్టి తాడు చుట్టి వేలితో అలకాలి. రెండు వేళ్ళకన్నా మందం ఉన్న కడుపులు పగులుతాయి. పైపొర ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపలిది తడిగానే ఉంటుంది. లావు బొమ్మలను కింది నుంచి చెంచాతో తొలిచాం. ఎండలో పెట్టలేదు; నీడన, మొదటి రోజు పలచటి గుడ్డ కప్పి, నాలుగు రోజులు. ఏనుగుల్లో ఎక్కువ నిలబడ్డాయి. తొండాలు గాలిలోకి చాచినవి విరిగాయి, ఛాతీకి ఆనించినవి నిలిచాయి.

8, 9 వారాలు: బ్యారేజీ

అందరి పనీ కలిసేది ఏదైనా పెట్టాలని ముందే ఉంది. పిల్లలు 35, కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి ఖానాలు (రెండు స్తంభాల నడుమ గేటు ఉండే సందులు) 70. తలకు రెండు. పాత ఆనకట్ట 1952లో తెగాక కట్టి 1957లో తెరిచిన ఆ బ్యారేజీని వీళ్ళు చాలామంది బస్సులోంచి చూసినవాళ్ళే. ఆ వారాల్లో గేట్లు ఎత్తి నీళ్ళు వదులుతున్నారు కూడా.

లెక్క: 22×28 అంగుళాల చార్టులు 8, అడ్డంగా. సెంటీమీటరు చొప్పున ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి వెనక టేపు వేస్తే దాదాపు 560 సెంటీమీటర్లు. 70తో భాగిస్తే ఖానాకు 8. మొదట 8 సెంటీమీటర్ల ముక్కలే కోయించాం, అదే పొరపాటు. కొన్ని ఏడున్నర, కొన్ని ఎనిమిదిన్నర వచ్చాయి. ఒక్కో దానికి అరసెంటీమీటరు తేడా పడినా 70 ఖానాలకు 35 సెంటీమీటర్లు, అంటే నాలుగు ఖానాలకు చోటు ఉండదు. రెండోసారి 9 సెంటీమీటర్ల అట్ట నమూనా ఇచ్చి దాని చుట్టూ గీయించాం. ఎక్కువైన సెంటీమీటరు పక్క ముక్క కిందికి వెళుతుంది. చార్టు మీద ప్రతి 8 సెంటీమీటర్లకు పెన్సిల్ గుర్తు పెట్టాం, ముక్క ఎడమ అంచు ఆ గుర్తు మీద. తేడాలన్నీ అతుకు కింద దాక్కున్నాయి.

ఒక్కో ముక్కలో పైన రోడ్డు, రెయిలింగు (మొదటి వారం గీతలు), నడుమ గేటు (విడిగా కత్తిరించి అంటించినది), కింద నీళ్ళు. గేటు మూసి ఉందా, ఎత్తి ఉందా, ఎంత ఎత్తారు, ఇది పిల్లలదే. ఎత్తినవాళ్ళు నురగను తెల్ల క్రేయాన్‌తో నొక్కి గీసి పైన పూత వేశారు. నీళ్ళ రంగు దగ్గర నీలం వైపు చెయ్యి చాచినవాళ్ళను ఆపి, వరదప్పుడు కృష్ణ ఏ రంగులో ఉందో అడిగాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనక వరసలోంచి "టీ రంగు" అన్నారు. అయిదో వారం మట్టి రంగు డబ్బా మూత తీస్తే ఎండి గట్టిపడి ఉంది. పూర్తిగా ఎండిన పోస్టర్ కలర్‌ను నీళ్ళు పోసి తిప్పితే బిళ్ళలు బిళ్ళలుగా తేలింది, సాపు కాలేదు. పారబోసి కొత్తగా కలుపుకున్నారు. పసుపు, ఎరుపు, చుక్క నీలం, పైన తెలుపు. ఎలా కలపాలో అడిగినవాళ్ళు ముగ్గురే.

రానివాళ్ళవి ఆరు ఖానాలు మిగిలాయి. రెండో తరగతిలో ముందు ముగించినవాళ్ళు చేశారు. ఆ ముక్కల వెనక రానివాళ్ళ పేర్లు రాయించి, వాళ్ళు వచ్చాక గేటు వాళ్ళ చేతే అంటింపజేశాం.

వరండా గోడకు తగిలించడం ఇంకో అరపూట పని. సున్నం గోడకు టేపు పట్టదు, మర్నాటికి ఊడి పడుతుంది. రెండు మేకుల నడుమ జనపనార తాడు కట్టి, చార్టుల పైఅంచును తాడు మీదికి మడిచి క్లిప్పులు, అడుక్కొకటి. కింది అంచు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంచాం. జల్లు కొట్టినప్పుడు అంతకన్నా కిందికి తడుస్తుంది, ఇంకా పైకి కడితే ఒకటో తరగతి వాళ్ళు తమ ఖానా వెతుక్కోలేరు.

పెట్టెలో మిగిలినవి: కార్ట్రిడ్జ్ షీట్లు 3, బ్రష్‌లు 36 (నాలుగు వెంట్రుకలు విరబోసుకున్నాయి, నీళ్ళ డబ్బాలో తలకిందులుగా వదిలేయడం వల్ల), పసుపు సీసాలో పావు, ఎరుపు సగం, నీలం ముప్పాతిక, తెలుపు అడుగంటింది. వచ్చే జట్టుకు తెలుపు రెండు సీసాలు, పసుపు రెండు రాయాలి. చింతగింజలు 600 పైన ఉన్నాయి, పురుగు పట్టకుండా ఒకసారి ఎండబెట్టాలి.